నెవెంకా రేవు మీద సరిహద్దు

అడ్డకొయ్యకి వేసిన రంగు ఇంకా ఆరలేదు. ఎరుపూ తెలుపూ పట్టీలున్న ఆ పొడుగాటి దుంగని ఒటకర్ భుజాన వేసుకుని రేవు దాకా మోసుకొచ్చేసరికి అతని కోటు మీద ఎర్రటి చార పడింది. నెవెంకా అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, రేవు చెక్కల సందుల్లో గడ్డకట్టిన ఒండ్రుని పాత కత్తితో గీకుతోంది. తలెత్తి చూసింది.

"ఏం ప్రెసిడెంటూ, దేశం కోసం రక్తం ధారపొయ్యడం అప్పుడే మొదలెట్టావా?"

"రంగు అక్కా, రంగు. ఎగతాళి మాని ఓ చెయ్యి వెయ్యి."

ఒటకర్ చెక్ దేశపు ఇంజనీరు. సన్నగా, ఎప్పుడూ చలేస్తున్నవాడిలా భుజాలు ముడుచుకుని ఉంటాడు. స్లోబోదాకి అతనే అధ్యక్షుడు. డాన్యూబ్ నది పక్కకి జరిగినప్పుడు పాత గట్టుకీ కొత్త గట్టుకీ మధ్య మిగిలిపోయిన లంక అది. ఈ ఒడ్డు దేశమూ, ఆ ఒడ్డు దేశమూ "మాది కాదు" అన్న నేల. దాని మీద చెక్క గుడిసెలూ, అంచుల్లో తెప్ప ఇళ్లూ కట్టుకుని, ఒక మూల నుంచి కేకేస్తే రెండో మూలకి వినపడేంత జనం ఉంటారు. వాళ్ల చట్టం మొత్తం ఒక పలక మీద పట్టింది. ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఎవరిది వాళ్లది. అంతే. అక్కడ పన్ను లేదు, ప్రభుత్వ భూమి అన్నమాటే లేదు. ప్రతి అడుగుకీ ఒక యజమాని ఉన్నాడు. దారి అనేది ఉందంటే, ఆ దారిలో ఉన్నవాళ్లందరూ సరేనన్నారు కాబట్టి ఉంది. ఒప్పందాలన్నీ చేతిలో చెయ్యి వేస్తే అయిపోతాయి. మాట ఇచ్చినవాళ్లు వద్దనుకున్నరోజు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఈ రేవు నెవెంకాది. నీళ్లు తగ్గే చలికాలంలో పడవ ఆనగలిగే చోటు లంక మొత్తానికీ అదొక్కటే. ఓకు గుంజలు తనే పాతింది, చెక్కలు తనే కొట్టింది. అందుకని లంకకి గుమ్మం పెట్టాలంటే ఒటకర్ ఆవిడ దగ్గరికే రావాలి.

"రేపు పొద్దున మానువేయా నుంచి ఆవిడ వస్తోంది," అన్నాడు అడ్డకొయ్యని కొక్కేనికి తగిలిస్తూ. "సముద్రం మధ్య చిన్న దేశమేలే. కానీ సొంత జెండా, సొంత ఓటు ఉన్న దేశం. మనల్ని దేశంగా గుర్తిస్తామంటున్నారు. వాళ్ల పార్లమెంటు అడిగేది ఒకటేనట: మీ గుమ్మం మీ అదుపులో ఉందా లేదా?"

"గుమ్మమే లేదుగా."

"అందుకేగా ఇది!" దుంగని చూపించాడు. జేబులోంచి ఒక రబ్బరు ముద్ర, చంకలోంచి ఒక నీలం టోపీ తీశాడు. "నువ్వు సరిహద్దు అధికారివి. ఆవిడున్నన్నాళ్లే. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు చూడు, ముద్ర కొట్టు, కొయ్య ఎత్తు. లేనివాళ్లని వెనక్కి పంపు."

నెవెంకా టోపీ పెట్టుకుంది. అది కళ్ల దాకా జారింది. పక్క తెప్ప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న ముసలి ఇలోనా పొగా నవ్వూ ఒకేసారి వదలబోతే పొలమారింది.

"ఏమే పిల్లా, ఆ టోపీలో నువ్వు కనబడ్డంలేదే. సరిహద్దే కనబడుతోంది!"

నెవెంకాకి యాభై దాటినా ఇలోనాకి ఆవిడ పిల్లే. ఇలోనా తేనెటీగలు పెంచుతుంది. ఏ విషయం అడిగినా ముందు "నేనొప్పుకోను" అంటుంది, తరవాతే విషయమేంటో కనుక్కుంటుంది. ఈ అడ్డకొయ్యకి మాత్రం అడ్డు చెప్పలేదు. తన నేల మీద లేదు కనక.

"ఒటకర్, ఇదంతా నీకిష్టమేనా?" అంది నెవెంకా, టోపీ వెనక్కి నెట్టుకుని.

అతను నది వంక చూశాడు. మొన్న ఆకులు రాలే రోజుల్లో ఒక ఒడ్డు దేశపు గస్తీ పడవ వాళ్లొచ్చి అతని తెప్ప ఇంటిని తాడేసి లాక్కుపోయారు. ఏ దేశానికీ చెందని పడవ దిక్కులేని పడవే, అన్నాడు వాళ్ల కెప్టెన్. అప్పటినుంచీ ఒటకర్ ఇలోనా కొట్టుగదిలో తేనెపెట్టెల మధ్య పడుకుంటున్నాడు. తరవాత ఎవరి తెప్ప పోతుందో తెలీదు. నెవెంకా తెప్ప రేవుకి దగ్గరలోనే, వాళ్ల కంటికి అందేలా ఉంటుంది.

"మనం ఉన్నామని ఒక్క దేశం అంటే చాలక్కా," అన్నాడు. "ఒక్కటి."

నెవెంకా తన ఒండ్రు చేతిని గౌనుకి తుడుచుకుని ముందుకి చాపింది. అతను చెయ్యి కలిపాడు. ఒప్పందం అయిపోయింది.

*

మానువేయా ప్రతినిధి పేరు సీనా ఫాలే. భారీ మనిషి, నెరిసిన జుట్టు, దుప్పటంత శాలువా. పొద్దున్నే మంచులో పడవ రేవుకి ఆనీ ఆనకముందే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చెక్కల మీదికి గెంతింది.

"జాగ్రత్తమ్మా," అంది నెవెంకా తనకొచ్చిన బజారు ఇంగ్లీషులో.

"నేను పడవలో పుట్టినదాన్నే తల్లీ. చలికి భయం గానీ నీళ్లకి కాదు." పాస్‌పోర్టు తీసిచ్చింది. నెవెంకా ముద్ర తలకిందులుగా కొట్టింది. సీనా దాన్ని తిప్పి చూసుకుని సంచీలో పెట్టుకుంది.

ఒటకర్ ఆవిడకి లంకంతా తిప్పి చూపించాడు. గాలిమర, మంచినీటి తొట్టి, చట్టం రాసిన పలక. ఆవిడ మాటిమాటికీ వెనక్కి తిరిగి రేవుకేసే చూస్తోంది. చుట్టి వచ్చాక అక్కడే బల్ల మీద కూర్చుని, వేడి టీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"చుట్టూ నీళ్లున్న దేశమే మాదీ," అంది. "చేపల దొంగ ఓడలొస్తాయి. పొమ్మని అనగలిగినన్నాళ్లే అది మా సముద్రం. మీ సంగతి కూడా అదే చూడాలని పంపారు నన్ను. పొమ్మని మీరు అనగలరా?"

"అనగలం," అన్నాడు ఒటకర్.

అప్పుడే పొగమంచులోంచి గోయ్కో పడవ వచ్చింది.

అవతలి ఒడ్డు పల్లెవాడు గోయ్కో. నడుం దాకా రబ్బరు బూట్లు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ. ఈ రేవుకి పడవ కట్టడం అతనికి తన దొడ్లోకి నడిచినంత అలవాటు. అతని కూతురి బాప్తిస్మంలో బిడ్డని చేతుల్లోకి తీసుకున్నది నెవెంకా. ఆ రోజునుంచీ ఆవిడకి పేరు లేదు, అతని నోట "కుమా" అనే పిలుపే. ఆ నది మీద కుమ్ బంధం రక్తబంధం కన్నా ఒక మెట్టు పైనే. అతను ఒక చేత్తో ఎత్తలేనంత గోనెసంచీ తెచ్చాడు. ఒక పెద్ద వాలుగ, నాలుగైదు బొచ్చెలు, సంచీలో ఇంకా కదులుతున్నాయి.

"కుమా! నికోలా స్వామి స్వయంగా వలలోకి తోలాడు. ఈ వాలుగ మీసాలు చూడు, మా మామగారి మీసాల్లా లేవూ?"

తాడు గుంజకి విసిరి, ఒక కాలు చెక్కల మీద పెట్టబోయాడు. ఎదురుగా ఎర్రచారల కొయ్య. అతను దాన్నీ, దాని వెనక టోపీలో ఉన్న నెవెంకానీ చూసి పెద్దగా నవ్వాడు.

"ఇదేం వేషం?"

బల్ల దగ్గర సీనా టీ గ్లాసు కింద పెట్టి చూస్తోంది. ఒటకర్ నెవెంకా కేసి చూశాడు. బతిమాలే చూపు అది, ఆజ్ఞ కాదు.

"పాస్‌పోర్టు ఉందా గోయ్కో?" అంది నెవెంకా.

"ఉంది. ఇంట్లో, పందికొవ్వు డబ్బా వెనకాల. ఎందుకూ?"

"అది లేకుండా రానివ్వకూడదట."

అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తరవాత ఆవిడ మొహం చూశాడు. నవ్వు ఎక్కడుందో అక్కడే మిగిలిపోయింది, దాని వెనకున్న మనిషి మాత్రం వెళ్లిపోయాడు. పైకెత్తిన కాలు పడవలోకి తీసుకున్నాడు. గోనెసంచీని రెండు చేతులా ఎత్తి, కొయ్య మీదుగా అందించాడు.

"చేపలకి అక్కర్లేదు కదా?"

నెవెంకా సంచీ అందుకుంది. తడి బరువు గుండెకి ఆనింది. తాడు విప్పుకోవడానికి అతను వంగినప్పుడు మెడ వెనక ఎర్రబడి ఉండటం కనిపించింది. రేపు నికోలా పండక్కి వస్తానని అనలేదు. రమ్మని ఆవిడా అనలేదు. ఆ పండక్కి ఎవరినీ పిలవరు. పిలవకుండా రావడమే ఆ పండగ.

"చాలా బాగా చేశారు," అంది సీనా, మర్యాదగానే. ఒటకర్ ఊపిరి వదిలాడు. నెవెంకా సంచీ ఈడ్చుకుంటూ తెప్ప మీదికి పోయింది.

*

సాయంత్రం ఇలోనా వచ్చి చేపల పొలుసు గియ్యడానికి కూర్చుంది. తెప్ప లోపల ఇనప పొయ్యి భగభగమంటోంది. ఒక గిన్నెలో గోధుమలు ఉడికి ఆరుతున్నాయి, ఇంకోదాంట్లో అక్రోటు పప్పు దంచి ఉంది. నెవెంకా పండగ రొట్టెకి పిండి పిసుకుతోంది. క్రిస్మస్ ముందు ఉపవాసాలు, పాలూ వెన్నా ముట్టని రోజులు కనక వట్టి నూనెతో పిండి. చేత్తో నొక్కుతోంది, మడుస్తోంది, మళ్లీ నొక్కుతోంది. ఎంత పిసికినా సాగడంలేదు.

"దాన్నేం చేశావే, శత్రువుని కొడుతున్నట్టు కొడుతున్నావు," అంది ఇలోనా.

"రేపు రొట్టె ఎవరితో తిప్పాలి?"

ఇలోనా కత్తి ఆపింది. నికోలా స్వామి నెవెంకా ఇంటి దేవుడు, పడవలవాళ్ల దేవుడు. ఆ రోజు ఇంటావిడా, ఇంకొకరూ ఆ గుండ్రటి రొట్టెని చేతుల్లో పట్టుకుని తిప్పి, మీద ద్రాక్షసారా పోసి, తలో పక్కా లాగి విరుస్తారు. ఒక్క మనిషి విరిచేది కాదు అది. ప్రతి ఏడూ ఆ రెండో పక్క గోయ్కో చేతులే.

"నాతో తిప్పు."

"నువ్వు దేనికీ ఒప్పుకోవుగా."

"దీనికీ ఒప్పుకోను. తిప్పుతాను, అంతే."

నెవెంకా నవ్వబోయింది గానీ రాలేదు. అప్పుడే తలుపు తట్టి ఒటకర్ వచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"అక్కా, ఆవిడ ఒప్పుకున్నట్టే! రేపు మధ్యాహ్నం సంతకం. అప్పటిదాకా కొయ్య కిందకే ఉండాలి. ఇంకొక్క పూట."

"రేపు నికోలా పండగ."

"నికోలానా?" అతను తెల్లబోయాడు. "అదైపోయి రెండు వారాలు కావస్తోందిగా! మా అమ్మ ఫోన్ కూడా చేసింది."

"మీది అయిపోయింది. మాది పాత పంచాంగం. రేపే."

ఒటకర్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. ఇన్నేళ్లు ఈ తెప్ప మీద ఆ చేపల పులుసు తిన్నవాడే. తేదీ మాత్రం తన ఊరిదే గుర్తుపెట్టుకున్నాడు.

"సరే, పండగ ఇంట్లో చేసుకో. ఎవరు కాదన్నారు? రేవు దగ్గర మాత్రం..."

"బాబూ, ఈ రోజున వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగరు. దొంగైనా సరే, పగవాడైనా సరే. దీపం వెలిగాక ఈ ఇంటికి తలుపుండదు. రేవు దాటకుండా ఇంటికెలా వస్తారు?"

"మధ్యాహ్నం దాకానే అక్కా. తరవాత నువ్వు కొయ్యని పొయ్యిలో పెట్టుకున్నా అడగను."

ఆవిడ పిండిని గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పింది. అవుననలేదు, కాదనలేదు. ఒటకర్ అది అవుననుకుని వెళ్లాడు.

*

తెల్లారేసరికి పొగమంచు చెయ్యి చాపితే వేళ్లు కనబడనంత ముసిరింది. నెవెంకా పొడుగు మైనపు దీపం వెలిగించి, శిలువ గీసుకుని, రెంచి తీసుకుని బయటికొచ్చింది. కొక్కెం మరలు చలికి బిగిసిపోయాయి. ఊపిరి ఊది వేడి చేసి తిప్పింది. మొదటిది ఊడింది. రెండోది తిప్పుతుండగా ఒటకర్ పరుగున వచ్చాడు. వెనక చేతికి పట్టీ కట్టుకున్న డచ్చి కుర్రాడు యోస్ట్, లంక రక్షకుల్లో ఒకడు.

"అక్కా! ఏం చేస్తున్నావు?"

"నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేవు నాది. ఈ చెక్కల మీద ఇవాళ ఎవరు కాలు పెట్టినా నా ఇంటి చుట్టం."

"ఆవిడ వస్తోంది! అటు చూడు!"

దారి చివర సీనా శాలువా కప్పుకుని నెమ్మదిగా నడిచొస్తోంది. యోస్ట్ ఒకడుగు ముందుకేసి గొంతు తగ్గించాడు.

"పక్కకి తీసుకెళ్లనా సార్? పట్టుకోక్కర్లేదు, దారికి అడ్డంగా నిలబడితే చాలు."

నెవెంకా రెంచి ఆపలేదు. ఒటకర్ ఆవిడ చేతుల వంక చూశాడు. చలికి పగిలిన వేళ్లు, గోళ్ల సందుల్లో ఎండిన పిండి. ఒక్క మాటంటే చాలు. కొయ్య కిందకే ఉంటుంది. సంతకం అవుతుంది. ఇంకెవరి తెప్పా పోదు, ఈవిడ తెప్ప కూడా.

"వద్దు," అన్నాడు.

రెండో మర ఊడింది. దుంగ ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ ఒక్కత్తీ ఎత్తలేక కాలు నిలదొక్కుకుంటుంటే, ఒటకర్ వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ మోసుకెళ్లి విల్లో చెట్ల కింద పడేశారు. ఈసారి అతని భుజానికి రంగు అంటలేదు, అప్పటికే ఆరిపోయింది.

సీనా రేవు మొదట్లో నిలబడి అంతా చూసింది.

"మీ గుమ్మం?"

"నాది కాదు, ఆవిడది," అన్నాడు ఒటకర్. "తీసేస్తానంది. తీసెయ్యొద్దని చెప్పే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. నాక్కూడా."

"చెప్పి ఉంటే సంతకం పెట్టేదాన్ని."

"తెలుసు."

"ఇప్పుడు పెట్టలేను బాబూ. నన్ను పంపినవాళ్లకి అబద్ధం చెప్పలేను."

"అదీ తెలుసు," అన్నాడు. అని భుజాలు కిందికి వదిలాడు. ఎన్నాళ్లనుంచో ముడుచుకున్న భుజాలవి. నెవెంకా అతన్ని ఎగాదిగా చూసి, "ఉల్లిపాయలు తరుగుదువుగాని రా," అంది.

కళాయి కింద మంట అందుకుంది. ఉల్లిపాయ, ఎర్ర మిరప్పొడి, వాలుగ ముక్కలు వరసగా పడ్డాయి. వాసన మంచులోకి పోయింది. అది ఒడ్డు చేరిందో ఏమో, పడవలు రావడం మొదలైంది. ఈ ఒడ్డువాళ్లు, ఆ ఒడ్డువాళ్లు. ఒకరి దేశానికి ఇంకొకరు వెళ్లాలంటే వంతెన దాకా పోయి వరసలో నిలబడవలసినవాళ్లు, ఇక్కడ ఒకే బల్ల మీద భుజాలు తోసుకుంటూ కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడూ ముందు దీపానికి దణ్ణం పెట్టి, ఒక చెంచా తీపి గోధుమలు తిని, "పండగ శుభం, ఇంటమ్మా" అన్నాడు. సీనా కూడా అలాగే అంది, పక్కవాణ్ణి చూసి నేర్చుకుని. రెండో చెంచా కోసం ఎవరూ చూడనప్పుడు చెయ్యి చాపింది.

"ఒక్క చెంచానే అమ్మా, లెక్క ప్రకారం," అంది ఇలోనా.

"మీకు చట్టాలు లేవన్నారుగా!"

బల్లంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే పెద్ద ఇంజను చప్పుడు వినపడింది. నవ్వు ఆగిపోయింది. మంచులోంచి బూడిదరంగు గస్తీ పడవ ముక్కు బయటికొచ్చింది. ఒటకర్ చేతిలో కత్తితో, ఉల్లిఘాటుకి కారుతున్న కళ్లతో లేచి నిలబడ్డాడు. ముందు వైపున అతని తెప్ప లాక్కుపోయిన కెప్టెనే, నల్లమీసాలవాడు. తాడు తనే విసిరి, రేవు గుంజకి తనే కట్టుకున్నాడు. కానీ చెక్కల మీద కాలు పెట్టలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మా ఇంటి దేవుడూ నికోలా స్వామే అమ్మా. డ్యూటీ పడింది, మా ఇంటికి పోలేకపోయాను," అన్నాడు. బల్ల మీదున్న అందరినీ ఒకసారి చూసి, నెవెంకా వైపు తిరిగాడు. "రావచ్చా?"

లంకకి అతను ఎన్నోసార్లు వచ్చాడు. అడిగి రావడం ఇదే.

"రా నాయనా," అంది నెవెంకా.

ఒటకర్ మెల్లగా కూర్చున్నాడు. సీనా అతని చెవి దగ్గరికి వంగింది. "ఆ తెప్ప లాక్కుపోయినవాడేనా?" అతను తలూపాడు. కెప్టెన్ వంగి గోధుమలు తీసుకోవడం సీనా చూసింది. తరవాత, "మా సముద్రంలోకొచ్చే ఆ దొంగ ఓడలవాళ్లెవరూ ఇలా అడగలేదు ఎప్పుడూ," అంది. కెప్టెన్ ఆ పక్కనే కూర్చుని రెండు గిన్నెల పులుసు తాగి, నుదురు తుడుచుకుంటూ, తెప్ప సంగతి పండగ వెళ్లాక వచ్చి మాట్లాడమని ఒటకర్‌తో గొణిగాడు. ఇస్తానని అనలేదు. ఒటకర్ కూడా గట్టిగా అడగలేదు, గ్లాసు నింపాడు.

మధ్యాహ్నమైంది. దీపం సగానికి వచ్చింది. రొట్టె బల్ల మధ్యన అలాగే ఉంది.

"తిప్పుదామా పిల్లా?" అంది ఇలోనా.

"ఉండు."

"నేను తిప్పనా అక్కా?" అన్నాడు ఒటకర్.

"ఉండమన్నానా!"

మంచు కాస్త పలచబడింది. రేవుకి అవతల, కొంచెం దూరంలో, ఒక పడవ లంగరేసి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలీదు. అందులో చెవుల దాకా ఉన్ని టోపీ, వల బాగుచేస్తున్నట్టు వంగిన వీపు.

నెవెంకా రొట్టె తీసుకుని రేవు చివరి చెక్క దాకా నడిచింది.

"గోయ్కో!"

"ఇక్కడ చేపలు పడతాయేమోనని," అన్నాడు తలెత్తకుండా.

"పడుతున్నాయా?"

"లేదు."

"ఇలా తీసుకురా పడవని."

తెడ్డు వేస్తూ దగ్గరికొచ్చాడు. రేవుకి చెయ్యెడంలో ఆపాడు. పడవలోనే నిలబడ్డాడు. వెనక బల్లల మీదివాళ్లు అటే తిరిగారు.

"నిన్న నేను చేసింది తప్పు," అంది నెవెంకా. "తప్పని తెలిసే చేశాను."

అతను తెడ్డు కొస నీళ్లలో ఆడించాడు. "రాత్రి మా ఆవిడతో చెప్పలేదు. చేపలిచ్చొచ్చానన్నాను, అంతే."

"పట్టుకో."

రొట్టె చాపింది. అతను దాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, తెడ్డు కింద పెట్టి తన కొస పట్టుకున్నాడు. మధ్యలో నీళ్లున్నాయి. ఇద్దరూ అలాగే రొట్టెని తిప్పడం మొదలెట్టారు, వేళ్లు ఒకరివి ఒకరికి తగులుతూ. ఇలోనా పరుగున వచ్చి ద్రాక్షసారా పోసింది. సగం రొట్టె మీదా, సగం గోయ్కో బూట్ల మీదా పడింది. విరవబోయేసరికి ప్రవాహం పడవని వెనక్కి లాగింది. సందు పెరిగింది. నెవెంకా చెక్క అంచు మీదికి వచ్చేసింది. ఆవిడ వదలదు, అతనూ వదలడు. వదిలితే రొట్టె డాన్యూబ్ పాలు.

"లాగకే ముసలిదానా, పడతావు!"

"నువ్వే లాగుతున్నావు!"

"రావాలో వద్దో చెప్పు ముందు!"

"రారా మొండోడా!"

గోయ్కో గెంతాడు. ఒక కాలు చెక్క మీద, ఒకటి నీళ్లలో పడ్డాయి. కెప్టెన్ అతని కాలర్ పట్టుకుని పైకి లాగాడు. ఆ కుదుపుకి రొట్టె విరిగింది. గోయ్కో నడుం దాకా తడిసి, చెక్కల మీద కూలబడి, తన చేతిలో ముక్కని ఎత్తి చూశాడు. తరవాత ఆవిడ చేతిలోది చూశాడు.

"నాదే పెద్దది కుమా. ఈ ఏడు చేపలన్నీ మా ఒడ్డుకే."

"ఏదీ, ఇటు పెట్టు కొలుద్దాం," అంది నెవెంకా, అతని పక్కనే చెక్కల మీద కూర్చుంటూ. ఇద్దరి వెనకా, వాళ్లకి చోటివ్వడానికి బల్ల మీద జనం సర్దుకుంటున్నారు.